మంచు కురవని ఏడాది అల్లుడుగారి అలక

పాలకొల్లు,
8 జనవరి 1999.

చిరంజీవి అల్లుడుగారు మురళీకృష్ణకి,

మీ మావయ్య వెంకటరాజు దీవెనలు. కుశల ప్రశ్నలు తరవాత వేసుకుందాం, ముందు కబురు వినండి. మా హేమశ్రీ మొన్న పొద్దున్న ఆడపిల్లని కంది. తల్లీ పిల్లా కులాసా. టెలిగ్రాం ఇచ్చాను, అందిందో లేదో తెలీదు. ఫోన్ చేద్దామని ఎక్స్‌ఛేంజీకి వెళ్తే "ఆ కొండల్లో లైను పడిపోయిందండి" అని ఒకటే పాట. ఫారెస్టు ఆఫీసరంటే అడవికి రాజనుకుని పిల్లనిచ్చాను గాని, ఆ రాజుకి టెలిఫోను కూడా మోగదని నాకు ఎవరు చెప్పారండి.

పిల్ల బొద్దుగా, పచ్చగా ఉంది. ముక్కు మాది. మిగతాదంతా మీదేనని మీ అత్తయ్యగారు అంటున్నారు, మీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక.

ఇరవై ఒకటో రోజున బారసాల. సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టేశారు. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయాల్సింది తండ్రి కనక మీరు రెండు రోజులు ముందే దిగాలి. పేరు గురించి మీకు శ్రమ లేదు. మా అమ్మగారి పేరు, సుభద్రయ్యమ్మ. అడవిలో మంటలన్నీ ఎండాకాలంలోనే, చలికాలంలో మీకు తీరికేనని మీరే చెప్పారు, అందుకే నాకు ధైర్యం. చందువా చేపలు చెప్పి ఉంచాను. మొగల్తూరు నుంచి పీతలు వస్తాయి. సందు చివరిదాకా పందిరి, దానికి మన పేరుపాలెం తోటలోంచే సరుగుడు బాదులు కొట్టిస్తున్నాను.

ఇంకో మాట. పెళ్ళిలో మిమ్మల్ని అలకపాన్పు మీద కూర్చోబెట్టి "ఏం కావాలండి" అని అడిగితే "ఏమీ వద్దండి" అని లేచిపోయారు. ఊరంతా చూస్తుండగా. అలిగిన అల్లుణ్ణి బతిమాలి కానుకిచ్చి లేపుదామని ఏడాదిపాటు ఎదురుచూసిన మామగారు ఏమైపోవాలండి. ఆ ముచ్చట నాకింకా తీరలేదు.

మీ రాక కోసం చూస్తూ,
వెంకటరాజు


బన్‌ధూరా, అల్మోరా జిల్లా,
19 జనవరి 1999.

మావయ్యగారికి నమస్కారాలు.

టెలిగ్రాం కన్నా మీ ఉత్తరమే ముందొచ్చింది. చదివి బయటికి పరిగెత్తి, మా గార్డు పాన్‌సింగ్‌ని పట్టుకుని "కూతురు" అన్నాను, తెలుగులో. అతనికి ఎలా అర్థమైందో మరి, బెల్లం తెచ్చి ఆఫీసంతా పంచాడు. ఆ పూట నేను ఒక్క ఫైలు ముట్టుకోలేదు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి చెయ్యి రావడం లేదు. బారసాలకి రాలేను.

ఈ ఏడు ఇక్కడ మంచు పడలేదండి. మామూలుగా డిసెంబరుకే కొండ తెల్లబడుతుంది, ఆ తడి నేలలో చాలాకాలం నిలుస్తుంది. ఈసారి అక్టోబరు వెళ్ళాక చుక్క వాన లేదు, రవ్వ మంచు లేదు. మా అడవంతా పైన్ చెట్లు. చూడ్డానికి మన సరుగుడుకి దూరపు చుట్టాల్లా ఉంటాయి. ఆకు సూదిలా ఉంటుంది, అందులో నూనె ఉంటుంది, రాలి పరుపులా పేరుకుంటుంది. చలికాలంలో నేల తడిగా ఉండగా మేమే ఆ ఆకు కొంత జాగ్రత్తగా కాల్చి, అడవి మధ్య ఖాళీ బాటలు చేస్తాం. ఎండాకాలంలో మంటొస్తే అక్కడికొచ్చి ఆగుతుంది. ఈసారి తడే లేదు కనక అంటిస్తే మా మాట వినదని ఊరుకున్నాం. మేం అంటించకపోయినా తూర్పు వాలు అదే అంటుకుంది. మా ఆఫీసులో ఉన్న పాత రికార్డుల్లో జనవరి మంట అనేదే లేదు.

ఒక్క ఏడాదిని చూసి తీర్పు చెప్పకూడదు. కానీ చలికాలాలు ఏటేటా వేడెక్కుతున్నాయని, పైన్ చెట్లు పైపైకి ఎగబాకి చల్లటి చోట ఉండే ఓక్ అడవిని మింగేస్తున్నాయని మా పుస్తకాలూ అంటున్నాయి, ఇక్కడి ముసలివాళ్ళూ అంటున్నారు.

నా సెలవు రద్దయింది. మంటలార్పే కూలీల్ని ఫిబ్రవరి పదిహేను నుంచే పెట్టుకోవాలని రూలు. ముందే కావాలని రాస్తే "మంటల సీజను ఇంకా మొదలు కాలేదు" అని జవాబొచ్చింది. కాబట్టి ప్రస్తుతం మండుతున్నది కాగితాల ప్రకారం మంట కాదు. మనుషులు లేరు, ఉన్న బండి చెడిపోయి కింద రోడ్డు దగ్గర షెడ్డులో పడుంది, ఆకు ఊడవడానికి చీపుళ్ళు కూడా లేవు.

ముహూర్తం కొంచెం వెనక్కి జరపగలరా? పాప పేరు నేనే రాయాలని ఉంది. హేమకి వేరే రాస్తున్నాను. పాప ఫొటో పంపండి.

మీ
మురళీకృష్ణ


పాలకొల్లు,
29 జనవరి 1999.

అల్లుడుగారికి దీవెనలు.

మీ ఉత్తరం మీ అత్తయ్యగారికి చదివి వినిపించాను. "బండి" అన్న చోట ఆగి ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆయ్, అర్థమైందండి.

మా పెదనాన్నగారి అల్లుడు అలిగితే ఉత్తరీయం కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒక్క పూటలో తేలిపోయేది. మీరేమో కొండలు, మంచు, రూళ్ళు అంటూ రెండు పేజీలు తిరిగి బండి దగ్గరికొచ్చారు. చదువుకున్నవాళ్ళ అలక కూడా ఇంగ్లీషు మీడియమే. పోనీలెండి, పెళ్ళినాటి ముచ్చట ఇప్పటికి తీరుతోంది. ఎర్ర మోటారుసైకిలు బుక్ చేశాను. రంగు నచ్చకపోతే కబురు చెయ్యండి.

అల్లుడు మాట కాదనకూడదు గాని, మాఘమాసంలో ఇక్కడ మేం దుప్పట్లు కప్పుకుంటుంటే అక్కడ హిమాలయాల్లో అడవి తగలబడుతోందంటే ఎవరు నమ్ముతారండి? మనకీ పేరుపాలెంలో సరుగుడుంది. నా ఎరికలో ఒక్కనాడు నిప్పంటుకోలేదు. ఆకు రాలడం ఆలస్యం, తోట కాపలా చూసే మన పోతురాజు ఇంటి ఆడవాళ్ళు పొయ్యిలోకని ఊడ్చుకుపోతారు. పైగా అడవిని కాపాడే ఆఫీసరే "ముందు మేమే తగలబెడతాం" అని రాస్తే, ఆ పేజీ నేను ఎవరికీ చూపించలేదు. మన పరువు మనమే కాపాడుకోవాలి.

ఫిబ్రవరి పదిహేనుదాకా మంటలకి సీజను లేదన్న సంగతి సిద్ధాంతిగారికి చెప్పాను. "అయితే వాళ్ళ డిపార్టుమెంటుకీ మూఢం ఉందన్నమాట" అని ఆయన చాలా సంతోషించారు.

బారసాల ఆపేశాను. పందిరి విప్పించాను. పీతలు మాత్రం ఆగలేదు, అవి వచ్చాయి, తిన్నాం. మీరు లేరని హేమ ముట్టుకోలేదు. ఫొటో పెడుతున్నాను. ముక్కు చూడండి.

వెంకటరాజు


బన్‌ధూరా,
10 ఫిబ్రవరి 1999.

మావయ్యగారికి,

అక్షరాలు బాగా లేవు, తొందరలో రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నేను అలగలేదు. మోటారుసైకిలు వద్దు. మా ఆఫీసుకి ఆఖరి రెండు మైళ్ళు కంచరగాడిదల దారి. ఎరుపైనా నలుపైనా బండి అక్కడ ఎక్కదు.

పోతురాజుగారి ఇంటి ఆడవాళ్ళు మీ తోట ఊడ్చగలరు. నా దగ్గర ఉన్నది పదిహేను వేల ఎకరాలు, అదీ నిట్రంగా లేచిన కొండ మీద. చెట్టుకి గాటు పెట్టి బంక తీస్తారు ఇక్కడ. ఆ గాట్లో నిప్పు పడితే చెట్టు నిలువునా అంటుకుంటుంది. పోయిన వారం ఒక వాలు మొత్తం అలా పోయింది.

ఫొటో అందింది. ముక్కు మీదే. ఒప్పుకుంటున్నాను.

మురళీకృష్ణ


పాలకొల్లు,
20 ఫిబ్రవరి 1999.

అల్లుడుగారికి,

ఉత్తరం అందింది. ముత్యాల్లాంటి మీ అక్షరాలు ఎలా కొట్టుకుపోయాయో చూశాను. ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ. పట్టుమని పేజీ కూడా లేదు. ఇంత కోపమా అండి.

బండి వద్దన్నారు, సరే. ఉంగరం? వాచీ? పోనీ సరుగుడు తోట పిల్ల పేర రాసేస్తాను, ఉన్నంతవరకూ. ఉన్నంతవరకూ అని ఎందుకన్నానంటే, మొన్న పేరుపాలెం వెళ్తే ఒడ్డువైపు రెండు వరసలు సముద్రం పడగొట్టేసి ఉన్నాయి. తుఫాను లేదు, వాయుగుండం లేదు, ఊరికినే. మా నాన్నగారి రోజుల్లో తోట దాటి నీళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి అలుపొచ్చేది. ఇప్పుడు తోటలో కూర్చుంటే కాళ్ళు తడుస్తున్నాయి. అల్లుళ్ళూ సముద్రాలూ ఒకేసారి అలిగితే మాలాంటివాళ్ళు ఎవర్నని బతిమాలాలి?

చీపుళ్ళు లేవని రాశారు. అదొక్కటీ వెంటనే తీర్చగలిగిన లోటు. ఫారెస్టు ఆఫీసరుకి చీపురు లేకపోవడం పిల్లనిచ్చిన నాకు నామోషీ. కొబ్బరి ఈనెల చీపుళ్ళు మూడు వందలు కట్టించి, రైలు పార్సిల్లో కాఠ్‌గోదాం స్టేషనుకి వేశాను. స్టేషను బుకింగులో పనిచేసే మన లోవరాజు దగ్గరుండి ఎక్కించాడు.

ఇంక నవ్వులాట కాదు, వినండి. పిల్లకి పేరు లేదు. ఒకళ్ళు బుజ్జమ్మంటారు, ఒకళ్ళు చిట్టి అంటారు, పాలవాడు "ఆఫీసరుగారమ్మాయి" అంటున్నాడు. వీధిలోకి వెళ్తే "అల్లుడుగారు ఇంకా రాలేదాండి" అని అడుగుతున్నారు. అడిగే తీరులోనే ఉంది అంతా. హేమ ఎవరికీ జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళిపోతోంది. నాకు సిగ్గుగా ఉంది అల్లుడుగారు, దాచుకోవడం నాకు చేతకాదు. చైత్రంలో ముహూర్తం ఉంది. అప్పటికీ మీరు రాకపోతే మేనమామ చేత, అంటే మా గణేష్‌బాబు చేత పేరు రాయించేస్తాను.

వెంకటరాజు


బన్‌ధూరా,
9 మార్చి 1999.

మావయ్యగారికి,

మీ చీపుళ్ళు దిగాయి. కాఠ్‌గోదాంలో పార్సిలు గుమస్తా పాన్‌సింగ్‌ని పక్కకి పిలిచి "మీ సాహెబుకి అత్తవారు పెట్టిన లాంఛనం ఇదేనా" అని అడిగాడట. కొబ్బరి ఈనె ఇక్కడ ఎవరూ చూసి ఎరగరు. అయిదు కంచరగాడిదల మీద ఊరేగింపుగా కొండెక్కాయి, దారిపొడుగునా జనం నిలబడి చూశారు.

ఊడుస్తాయి, కాదనను. మొదటి పూట బాట నున్నగా పడింది. వాలు మీద రాళ్ళకి రాసుకుని మర్నాటికి పిడికెడు మిగిలాయి. సగం చీపుళ్ళు ఊళ్ళో ఆడవాళ్ళు ఇళ్ళకి పట్టుకుపోయారు, వెనక్కి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మిగిలినవాటి మీద ఆడిటు వాళ్ళు పడ్డారు. స్టాకులో లేని చీపుళ్ళు ఆఫీసు ఆవరణలోకి ఎలా వచ్చాయని. "మా మామగారు పంపారు" అని రాసిచ్చాను. "ఏ పథకం కింద" అని మళ్ళీ అడిగారు.

గణేష్‌బాబు సంగతికి వస్తాను. ఆ మాట చదివాక దాచడం నావల్ల కాలేదు. ఫిబ్రవరి మొదట్లో ఆ వాలు మీద ఉండగా బంక పట్టే కుండలు పేలాయి. కుడిచెయ్యి కాలింది, వేళ్ళ చివర్నుంచి మణికట్టుదాకా. ప్రాణానికేమీ లేదు, కట్టు కట్టారు. అప్పట్నుంచీ ఉత్తరాలు ఎడమచేత్తో రాస్తున్నాను. మీరు చూసింది కోపం కాదండి. హేమ బాలింత, భయపడుతుందని రాయలేదు. మీరూ చెప్పకండి.

అయినా మీరు అలక అన్నారు కాబట్టి, సరే, అలాగే కానివ్వండి. అలిగాను. ఒప్పుకుంటున్నాను. అలిగిన అల్లుడు అడిగింది కాదనకూడదు కదా. ఉంగరం వద్దు, వాచీ వద్దు. నా చెయ్యి మానేదాకా నా కూతురికి ఎవరూ పేరు రాయకూడదు. ఆ బియ్యంలో నేనే రాయాలి, కుడిచేత్తో. నాకు కావలసింది అంతే.

మురళీకృష్ణ


పాలకొల్లు,
20 మార్చి 1999.

ఏంటయ్యా ఇది.

చెయ్యి కాలితే నెలన్నర దాస్తావా? నువ్వు రాసిన ఆ వంకర ఉత్తరం పట్టుకుని నేను వీధి వీధీ తిరిగాను, తెలుసా. "చూశారా, మా అల్లుడికి ఎంత పౌరుషమో, అక్షరాలు కూడా అలిగాయి" అని పదిమందికి చూపించాను. ఇప్పుడు వాళ్ళ మొహాలు నేనెలా చూడాలి. మీ అత్తయ్య నన్ను తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టేవి కావు.

హేమకి చెప్పొద్దన్నావు. చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాన్నా, ఆయన అలగడం చేతకాని మనిషని నేను ముందే చెప్పాను కదా, మీరు విన్నారా" అంది. అని, పెట్టె సర్దడం మొదలెట్టింది.

మేమంతా వస్తున్నాం. అలక తీర్చాలంటే మామ అల్లుడి దగ్గరికి వెళ్ళాలి, పద్ధతదే. వైశాఖం వెళ్తే అధిక జ్యేష్ఠం వస్తుంది, అప్పుడు ముహూర్తాలుండవు. కాబట్టి వైశాఖంలోనే, అక్కడే, మీ అడవిలోనే బారసాల. బియ్యం మనవే తెస్తాను. వెన్న, పసుపు, వేపాకు తెస్తాను. రొయ్యల పచ్చడి తెస్తాను.

మీరు అనాల్సిన చోట నువ్వు అనేశాను. కొట్టేసి మళ్ళీ రాసే ఓపిక లేదు, అలాగే ఉంచుతున్నాను.

మావయ్య


బన్‌ధూరా,
8 ఏప్రిల్ 1999.

మావయ్యగారికి,

"నువ్వు" అన్నందుకూ, దాన్ని కొట్టేయనందుకూ సంతోషం. అలాగే ఉంచండి.

కానీ రావద్దు. నా మాట ఈ ఒక్కసారి ఉన్నదున్నట్టుగా చదవండి. కానుకలేవీ వెతక్కండి అందులో. ఇప్పుడు సీజను మొదలైందని ఆఫీసువాళ్ళు కూడా ఒప్పుకున్నారు, అంటే ఎంత మండుతోందో ఆలోచించండి. పైన్ ఆకు రాలేది ఈ నెలల్లోనే. ఒక వాలు ఆర్పేసరికి పక్క వాలు అంటుకుంటోంది. ఊటలు ఎండిపోయాయి, తాగే నీళ్ళు కిందనుంచి మోస్తున్నారు. పొద్దున్న లేస్తే ఎదుటి కొండ కనిపించదు, అంత పొగ. ఊళ్ళో చంటిపిల్లలందరికీ దగ్గే. మూడు నెలల పిల్లని ఈ గాలిలోకి తీసుకురావద్దు.

నాకు చూడాలని ఉంది. రోజూ ఫొటో చూస్తున్నాను, అందులో పిల్ల నెలలోపుది. ఇప్పటికి మొహం మారిపోయి ఉంటుంది. నాకు చాలా చూడాలని ఉంది మావయ్యగారూ. అయినా తీసుకురావద్దు.

మురళీకృష్ణ


టెలిగ్రాం
పాలకొల్లు, 17 ఏప్రిల్ 1999.

పిల్లను తేవడం లేదు. హేమ ఒప్పుకుంది. నేనొక్కణ్ణే వస్తున్నాను. కాఠ్‌గోదాంకి మనిషిని పంపు. పచ్చడి జాడీలు నాలుగు. వెంకటరాజు.


పాలకొల్లు,
12 మే 1999.

మావయ్యగారికి నమస్కారాలు.

మీ ఇంట్లో, మీ పడక్కుర్చీలో కూర్చుని మీకు బన్‌ధూరాకి ఉత్తరం రాయడం ఎంత వింతగా ఉందో. కాలు ఎలా ఉంది? మా పెద్ద ఆఫీసరుని ఒప్పించి నాకు సెలవిప్పించిన మీరు, మర్నాడు నాతో రైలెక్కాల్సింది పోయి "ఒకసారి పైనుంచి చూసొస్తాను" అని ఎందుకెళ్ళినట్టు? ఎండు పైన్ ఆకు నూనె పోసిన గచ్చులా జారుతుందని పాన్‌సింగ్ అరుస్తూనే ఉన్నాడు. మీరు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే కొండ దిగి రావడం నా కళ్ళ ముందే ఉంది. బెణికిన కాలు బల్ల మీద పెట్టుకుని "ముహూర్తం నాకోసం ఆగదు, నువ్వు పో" అని నన్ను గెంటారు చూడండి, దారిపొడుగునా అదే గుర్తొచ్చింది.

బారసాల జరిగింది. మీరు రాలేదేమని అందరూ అడిగారు. కాలు బెణికిందని చెప్పాను. "ఆయ్, అర్థమైందండి" అన్నారు. మళ్ళీ చెప్పాను. సిద్ధాంతిగారు నా భుజం తట్టి "పెద్దాయన కోపం పాలపొంగు బాబూ, మీరేం దిగులు పడకండి" అన్నారు. మనవరాలి బారసాల వదిలి తాతగారు హిమాలయాలకి పోయారంటే అల్లుడితో ఎంత చెడిందో అని ఊరంతా చెప్పుకుంటున్నారు. నేను పైన్ ఆకు గురించి వివరించబోతే అత్తయ్యగారు కళ్ళతోనే ఆపారు. రెండు నెలలు మీరు నన్ను నమ్మలేదు, ఇప్పుడు ఊరు నమ్మడం లేదు.

పేరు సంగతి చెప్పాలి. ఉంగరం వేళ్ళకి పట్టలేదు, చివరికి రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని మొదలెట్టాను. మీ అమ్మగారి పేరే. "సుభద్ర" దాకా వచ్చేసరికి ఉంగరం జారి బియ్యంలో పడింది. "య్యమ్మ" రాయడానికి ఓపిక లేక ఆగాను. హేమ "చాలు, బాగుంది" అని పళ్ళెం తాకి గబుక్కున కళ్ళకద్దుకుంది. కాబట్టి మీ మనవరాలు సుభద్ర. మిగతా సగం నా చెయ్యి మానాక చూద్దాం, హేమ ఒప్పుకుంటే.

మొదటిరోజు పాప నన్ను చూసి ఏడ్చింది. రెండోరోజు ఊరుకుంది. మూడోరోజు నా కుడిచేతి వేలు పట్టుకుంది. ఆ వేలు ఫిబ్రవరి నుంచీ నాకు ముడుచుకోవడం లేదు. తనే ముడిచింది. నొప్పి పుట్టింది, అయినా లాక్కోలేదు.

పేరుపాలెం వెళ్ళాను. ఇంకో వరస పోయింది. పందిరికి బాదులు ఈసారి బయట కొన్నాం, మీ తోటలో ఒక్క చెట్టు కొట్టొద్దని పోతురాజుగారికి చెప్పాను. మీ పెత్తనంలో వేలు పెట్టినందుకు క్షమించాలి. వానలు రాగానే వెనకవైపు కొత్త మొక్కలు దగ్గర దగ్గరగా వేయించాలి. ఉన్న చెట్లు ఆగితేనే వాటి వెనకవి నిలుస్తాయి. నేను చదువుకున్నది కొండ మీది అడవి గురించి, అయినా ఈ సంగతి అక్కడా ఇక్కడా ఒకటే.

నాలుగు రోజుల్లో డాక్టరు చెయ్యి చూస్తానన్నాడు. ఆయన సరేనంటే బయల్దేరతాను.

మీ
మురళీకృష్ణ


బన్‌ధూరా,
23 మే 1999.

చిరంజీవి మురళీకి,

దీవెనలు. సుభద్ర అన్నది చాలా బాగుంది. మా అమ్మగారిని కూడా మా నాన్నగారు అలాగే పిలిచేవారు, ఎవరూ లేనప్పుడు. హేమకి చెప్పు, "య్యమ్మ" నేను వదిలేసుకుంటున్నాను.

కాలు నయం. పాన్‌సింగ్ ఇంటివాళ్ళు నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. ఈ ముసలాయన వాళ్ళ చీపుళ్ళ దాతని తెలిసిపోయింది. రొయ్యల పచ్చడి జాడీ మూత తీస్తే మొదట పురుగులనుకుని దూరం జరిగారు. ఇప్పుడు మూడో జాడీ అడుగంటింది.

మీ ఆఫీసరు ఒకాయన వచ్చి చీపుళ్ళు ఏ పథకం కిందని నన్నూ అడిగాడు. "అల్లుడి అలక పథకం" అని తెలుగులో చెప్పాను. రాసుకుని వెళ్ళాడు.

ఇక్కడ వాన ఇంకా పడలేదు. రోజూ గుమ్మంలో కుర్చీ వేయించుకుని చూస్తున్నాను. పొద్దున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ పచ్చి కొమ్మలు పట్టుకుని కొండెక్కుతారు, సాయంత్రం మసిబారి దిగుతారు. మర్నాడు మళ్ళీ ఎక్కుతారు. నువ్వు రాసిన ఉత్తరాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. నేను చదువుకున్నది ఒక్కటీ నిజం కాదు.

మొన్న కాలు కొంచెం నిలవగానే, నీ చెయ్యి కాలిన చోటు చూపించమన్నాను. పాన్‌సింగ్ వద్దన్నా వినలేదు, కంచరగాడిద మీద తీసుకెళ్ళాడు. నల్లటి మోళ్ళు, పగిలిన కుండలు. కింద లోయ. నువ్వెక్కడ నిలబడ్డావో చూపించాడు, మంట ఎటునుంచి వచ్చిందో చూపించాడు. వెనక్కి జరగడానికి చోటు లేదక్కడ. గాడిద మెడ పట్టుకుని ఉండిపోయాను. అలాంటి చోట నిలబడ్డ మనిషిని, బండి ఎరుపా నలుపా అని అడిగాను నేను.

సుభద్ర పుట్టినరోజు జనవరిలో వస్తుంది. జనవరి ఇకమీదట నీది కాదని ఇక్కడ అందరూ అంటున్నారు. మంచు పడితే అదృష్టం, పడకపోతే ఇదే తంతు. అందుకని పుట్టినరోజు మేం ఇక్కడికొచ్చి చెయ్యం, నిన్ను అక్కడికి రమ్మనం. వానాకాలంలో ఏదో ఒక రోజు చూసి చేసుకుందాం. నక్షత్రం కలవదని సిద్ధాంతిగారు గోల పెడతారు. ఆయన్ని ఒకసారి ఈ కొండ మీద కూర్చోబెడితే ఆయనే ఒప్పుకుంటాడు.

డాక్టరు సరేనంటే బయల్దేరతానన్నావు. బయల్దేరకు. ఇది నీ ఉద్యోగమని తెలుసు, చెయ్యి మానాక వచ్చి చేసుకో, అడ్డం చెప్పను. మానని చేత్తో మాత్రం రాకు. నీ బదులు వచ్చిన ఆఫీసరు మంచివాడే, పని తెలిసినవాడు. మొదటి వాన పడ్డాక రా, పిల్లనీ హేమనీ తీసుకునే రా. అప్పటిదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను, కదిలితే నువ్వు చెయ్యి మానకుండానే వచ్చేస్తావని నాకు తెలుసు.

ఊళ్ళో ఎవరు అడిగినా కాలు గురించి ఇంక వివరించకు. మావయ్య అలిగి కొండెక్కి కూర్చున్నాడని చెప్పు. ఏం కావాలంటున్నాడని అడిగితే, అల్లుడు పిల్ల దగ్గర ఉండాలంటున్నాడని చెప్పు.

మావయ్య